రాత్రిళ్ళు నా మంచం ఖాళీ

పొద్దున్నే లాండ్రీ షట్టరెత్తిన అక్కకి హోటలు దుప్పట్ల మూటల మీద తమ్ముడు కనిపించాడు. దుప్పట్లు ఉతికినవే. తమ్ముడి సంగతి చెప్పలేం.

"లేవరా అంటుంటే. ఆ మూట ఇవాళ హోటలుకి వెళ్ళాలి."

"లేచాను కదక్కా."

"లేవలేదు, కూర్చున్నావు. దిగు ముందు. నీ గుర్రు వీధి మలుపు దాకా వినబడింది. రాత్రి మిషను ఆపకుండా వెళ్ళిపోయానేమో అని పరిగెత్తుకొచ్చాను."

"డ్యూటీ దిగి వస్తూ, ఇలా కాస్త నడుం వాలుద్దామని…"

"డ్యూటీ దిగి వచ్చావు. బాగుంది. షట్టరుకి నా తాళం అలాగే ఉంది. ఎటునుంచి వచ్చావు?"

"వెనక తలుపు."

"వెనక తలుపు తాళం చెవి నీకెక్కడిది?"

"నువ్వే ఇచ్చావు కదా, అవసరానికని."

"నేను లోపల పడి చస్తే తియ్యమని ఇచ్చాను. అది నా అవసరం. నీది కాదు."

"సరేలే, టీ తాగుదామా?"

"మాట మార్చకు. ఆ తలకింద ఏమిటది? డాక్టరమ్మ కోటు కదూ? దేవుడా, డాక్టరమ్మ కోటు."

"మెత్తగా ఉందక్కా."

"ఉంటుంది, గంజి పెట్టకముందు అన్నీ మెత్తగానే ఉంటాయి. ఇవాళ ఒక్కరోజేనా?"

"ఇవాళ ఒక్కరోజే."

"మొన్న పైమూట మడతలు విప్పి ఉంది. నిన్నా అంతే. ఎలకలనుకుని మూలన మందు పెట్టానురా."

"ఆ ఆకుపచ్చ బిస్కెట్టా? అది ఎలకల మందా?"

"తిన్నావా?"

"లేదు లేదు. రంగు నచ్చలేదు."

"నీ అదృష్టం ఆ రంగులో ఉంది. ఇప్పుడు చెప్పు. డ్యూటీ మానేశావా?"

"నేను మానలేదు."

"మరి?"

"అదే మానింది."

"తీసేశారా?"

"ఊఁ."

"ఎప్పుడు?"

"కొన్నాళ్ళయింది."

"కొన్నాళ్ళంటే?"

"అవే, ఆ కొన్నాళ్ళే."

"ఒరేయ్. రోజూ సాయంత్రం ఖాకీ చొక్కా తొడుక్కుని, చేతిలో టార్చి, చంకలో అన్నం డబ్బా, నా కొట్టు ముందు నుంచే కదరా వెళ్తున్నావు. నాకు చెయ్యి కూడా ఊపుతావు."

"ఊపకపోతే నీకు అనుమానం వస్తుందని."

"వెళ్ళి ఎక్కడ తగలడుతున్నావు?"

"బస్టాండులో కాసేపు. నువ్వు కొట్టు కట్టేసి ఇంటికెళ్ళాక ఇక్కడ."

"ఇంట్లో నీకు మంచం లేదూ?"

"దాని మీద అబ్బాయి ఉన్నాడు కదక్కా."

"ఎవడు, ఆ సంచీగాడా? ఇంకా వెళ్ళలేదా వాడు?"

"సంచీగాడు అనకు. పాపం, బస్సులో పర్సు ఎవడో కొట్టేశాడు. టిక్కెట్టుకి ఏదో చూసుకుంటానన్నాడు. నాలుగు రోజులుండమన్నాను."

"నువ్వు బస్టాండులో ఉండి వాణ్ణి ఇంట్లో ఉండమన్నావు. నీ బుర్ర ఎక్కడ కుదువ పెట్టావురా? ముక్కూ మొహం తెలీనివాడు ఫోనులో 'వస్తున్నా' అంటాడు, నువ్వు 'రా నాయనా' అంటావు. ఇంటికి రాగానే తాళం చెవి చేతిలో పెడతావు. పైసా పుచ్చుకోవు."

"పుచ్చుకోకూడదు. ఫోనులో మా గుంపు పద్ధతి అది. దారిన పోయేవాళ్ళకి మన దగ్గరున్న చోటు ఊరికే ఇవ్వడం. రేపు మనం ఎటైనా వెళ్తే ఇంకెవరో మనకిస్తారు."

"నువ్వు ఎటు వెళ్ళావురా జన్మలో? ఈ సందు దాటి ఆ సందు."

"వెళ్ళకపోతేనేం. అన్ని దేశాలవాళ్ళూ నా మంచం మీదికే వచ్చి వెళ్తున్నారు."

"గొప్పే. దుప్పట్లు ఉతుకుతున్నది నేను."

"నీ సంగతి కూడా రాస్తుంటాను అందులో. 'మా అక్క ఇస్త్రీ చేసిన దుప్పటి' అని."

"నా సంగతి తర్వాత. నీ గురించి నువ్వు ఏం రాసుకున్నావో చెప్పు ఒకసారి."

"'నాకు రాత్రి కాపలా పని. రాత్రిళ్ళు నా మంచం ఖాళీ. వచ్చి పడుకోండి. పగలు మాత్రం అది నాది.'"

"ఇప్పుడు రాత్రిళ్ళు నీ మంచం ఖాళీయా?"

"నేను బయటుంటే ఖాళీయే కదా."

"దీన్నే అతి తెలివి అంటారు. వాడికి చెప్పెయ్. బాబూ, నా ఉద్యోగం ఊడింది, మంచం ఖాళీ లేదు, దయచెయ్యి అని."

"చెబితే ఆ నిమిషమే సంచీ సర్దుతాడు. మర్యాదస్తుడు. లేకపోతే నేల మీద పడుకుంటానంటాడు."

"పడుకోనీ."

"ఆ గదిలో మంచం వేశాక నేల ఎక్కడ మిగిలిందక్కా? నువ్వు చూశావుగా. తలుపు తీస్తే మంచం కోడు తగులుతుంది."

"పోనీ పగలైనా నిద్రపోతున్నావా?"

"పోతున్నట్టు పడుకుంటున్నాను. రాత్రి డ్యూటీ చేసినవాడు పగలు పడుకోవాలిగా. నాకు నిద్రాభంగం కాకూడదని ఆ అబ్బాయి చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వెళ్తాడు. అంత మంచివాడు. నేనేమో పడుకుని ఫ్యాను రెక్కలు లెక్కపెడుతుంటాను."

"ఎన్నున్నాయి?"

"మూడే. అదే నా కష్టం."

"ఇదిగో టీ. తాగి ఒకటి చెప్పు. దొంగతనం జరిగిందా నువ్వు కాపలా కాసే ఆ షోరూంలో? నిద్రపోయావా డ్యూటీలో?"

"నేను నిద్రపోలేదు."

"మరి ఎవరు పోయారు?"

"టీలో చక్కెర తక్కువైందక్కా."

"ఒరేయ్."

"ఒకే రోజుకి ఇద్దరికి 'రండి' అన్నాను."

"ఎందుకన్నావు?"

"రెండోవాడికి కాదనడం చేతకాక. మొదట అడిగింది ఒక ఆడమనిషి, ఆమెకి మంచం ఇచ్చాను. ఈ రెండోవాడు ఇంతెత్తు మనిషి, వానలో తడిసి ముద్దయి వచ్చాడు. ఎక్కడ పెట్టను? వెంటబెట్టుకుని డ్యూటీకి తీసుకుపోయాను."

"పరుపుల షోరూంకి."

"ఒక్కసారి రాత్రిపూట చూడాలక్కా ఆ షోరూం. ఎన్ని పరుపులు. దిళ్ళు పెట్టి, దుప్పట్లు పరిచి, దీపాలు పెట్టి. ఒక్కదాని మీద కూడా నరమానవుడు ఉండడు. ఏళ్ళ తరబడి వాటి మధ్య కుర్చీలో కూర్చున్నాను. బయట చూస్తే బస్టాండులో జనం గోనెల మీద. కడుపు తరుక్కుపోయేది."

"కడుపు తరుక్కుపోయి వాణ్ణి పడుకోబెట్టావు."

"మూలన ఉన్న దాని మీదే. షాపు తెరిచేలోగా లేపి పంపేద్దామనుకున్నాను. లేపాను. లేవలేదు. కాళ్ళు పట్టి లాగాను. లేవలేదు. ఏం చెయ్యను, అంత మంచి పరుపు మరి."

"షాపు తెరిచారు."

"తెరిచారు. పొద్దున్నే ఎవరో కొత్త జంట వచ్చారు పరుపు కొందామని. ఆ అమ్మాయి నేరుగా మూలకే వెళ్ళి, 'ఇది మెత్తగా ఉంటుందా' అని దుప్పటి ఎత్తింది."

"ఎత్తితే?"

"తడిసిన బట్టలు ఆరేసుకున్నాడక్కా వాడు."

"అన్నీనా?"

"అన్నీ."

"ఛీ ఛీ. పొద్దున్నే ఏం వినాల్సి వచ్చిందిరా నాకు."

"అమ్మాయి అరిచిన అరుపుకి కూడా లేవలేదు వాడు. అది చూసి వాళ్ళాయన ఆ పరుపే కొన్నాడు తెలుసా? ఇంత నిద్ర పడుతుందా అని."

"సరుకు అమ్మిపెట్టినా తీసేశాడా యజమాని?"

"తీసేస్తే తీసేశాడు. అందరినీ నిలబెట్టి వాళ్ళ ముందు అన్నాడక్కా. మేనేజరు, అమ్మేవాళ్ళు, ఊడ్చే ఆవిడ, అందరి ముందూ. 'నిన్ను నమ్మడం నా తప్పు' అన్నాడు. అమ్మానాన్నలని తిట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. కాపలా మనిషికి ఇంకేం ఉంటుంది చెప్పు? చదువా, ఆస్తా? నమ్మకం ఒక్కటే. అది పోయాక ఆ టార్చి ఎందుకు, నేనెందుకు?"

"ఏడవకు. టీలో పడతాయి."

"ఏడవట్లేదు. ఈ ఊళ్ళో నా మాటకి ఇంకా విలువ ఉన్నది ఆ ఫోనులోనే. ఎక్కడో కూర్చుని ఎవరో 'ఆయన ఇంటికి వెళ్ళు, మంచి మనిషి' అని రాస్తారు. అది చదువుకుని పడుకుంటాను."

"మరి ఫోనులోనూ ఇప్పుడు అబద్ధమే కదరా నువ్వు చెబుతున్నది. డ్యూటీ అని."

"ఇంకో టీ ఉందా అక్కా?"

"చెప్పు."

"అదే కదా నన్ను తినేస్తున్నది. ఆ సంగతి వాళ్ళకి తెలిస్తే అక్కడా అంతే. 'నమ్మడం మా తప్పు' అంటారు."

"నీ దగ్గు విన్నావా? ఈ తడి గదిలో ఇంకో వారం పడుకుంటే డాక్టరమ్మ కోటు కాదు, డాక్టరమ్మే కావాలి. ఇంక నేనొప్పుకోను. ఇవాళ వాడు చొక్కా ఇస్త్రీకి తెస్తానన్నాడు. రానీ. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

"అక్కా, వద్దు. వాడు వెళ్ళేదాకా ఆగు."

"వాడు వెళ్ళడు, నువ్వు పోతావు. పగలంతా చూడు వాణ్ణి, నోరు తెరిస్తే ఆవలింత. నీ మంచం మీద రాత్రంతా పొర్లి, పగలు ఆవలింతలు. ఒళ్ళు బలిసి."

"ప్రయాణాల బడలిక."

"ఒకే చోట కూర్చుని ఏం ప్రయాణంరా? అదిగో, మాటల్లోనే వస్తున్నాడు. చొక్కా కాదు, సంచీ మొత్తం మోసుకొస్తున్నాడు."

అతను లోపలికి వచ్చి సంచీ దించాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, అతనూ కూర్చోలేదు.

"బాబాయ్, మీరిక్కడున్నారా? ఇంట్లో చూశాను."

"ఇప్పుడే డ్యూటీ దిగి ఇలా… అక్కని చూసిపోదామని. ఏం బాబూ, బాగా పట్టిందా నిద్ర?"

"ఊఁ. మీకు డ్యూటీ… ఎలా జరిగింది?"

"ఏముంది, ఎప్పటిలాగే."

"ఎప్పటిలాగే."

"ఊఁ, ఎప్పటిలాగే."

"చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"అక్కా, నువ్వు ఇస్త్రీ చూసుకో."

"అత్తా, ఆగండి. నేనే ఒకటి చెప్పాలి."

"అత్తా అంటే ఆశలు పెట్టుకోకు నాయనా, నాకు కూతుళ్ళు లేరు. ముందు నేను చెప్తాను."

"కాదు, ముందు నేను. మళ్ళీ ధైర్యం చాలదు. బాబాయ్, తాళం చెవి తీసుకోండి. నేను వెళ్ళిపోతాను."

"అదేమిటి? ఏం జరిగింది? మంచం కుదరలేదా? నల్లులున్నాయా?"

"నల్లుల సంగతి నాకు తెలీదు బాబాయ్."

"ఇన్ని రాత్రిళ్ళు పడుకుని నల్లుల సంగతి తెలీకపోవడమేమిటి?"

"పడుకుంటే కదా తెలిసేది."

"ఏమన్నావు?"

"మొదట్లో పడుకున్నాను. ఆ తర్వాత మీ మంచం మీద నేను ఒక్క రాత్రి కూడా పడుకోలేదు."

"దుప్పటి రోజూ నలిగి ఉండేది కదయ్యా."

"తెల్లారి మీకంటే ముందొచ్చి నేనే నలిపేవాణ్ణి. దిండుకి తల గుంట కూడా పెట్టేవాణ్ణి."

"ఆ నలిపిన దుప్పటిని రోజూ ఉతికింది ఎవరు నాయనా?"

"క్షమించండి అత్తా."

"ఉండు, క్షమించడం తర్వాత. రాత్రిళ్ళు ఎక్కడుంటున్నావు?"

"పనిలో. టిక్కెట్టు కోసం పని వెతుక్కున్నాను. రాత్రిపని దొరికింది. బాబాయ్ అటు వెళ్ళగానే నేనిటు వెళ్ళేవాణ్ణి."

"పగలు?"

"పార్కులో బెంచీ మీద పడుకుంటాను. ఇంట్లో బాబాయ్ నిద్రపోతుంటారు కదా."

"నాకు అర్థమయ్యేలా చెప్పుకోనివ్వండి. నిద్ర రానివాడు పగలంతా మంచం మీద. నిద్రకి చచ్చేవాడు పార్కులో. రాత్రయ్యేసరికి వీడు బయటికి, వాడు బయటికి, మంచం మాత్రం హాయిగా ఒక్కతే పడుకుంటోంది. నేను దానికి దుప్పట్లు మారుస్తున్నాను. ఇద్దరిలో ఎవడి చెంప ముందు వాయించాలో కూడా తెలీట్లేదు నాకు."

"నిద్ర రానివాడు అంటారేంటత్తా? బాబాయ్ పగలు నిద్రపోవట్లేదా?"

"అది తర్వాత చెప్తాలే. నువ్వు నాకు పని సంగతి ఎందుకు చెప్పలేదయ్యా?"

"తలుపు తీయగానే మీరన్న మొదటి మాటే అది బాబాయ్. 'దారిన పోయేవాడికే ఈ మంచం, ఊళ్ళో ఉద్యోగం చేసుకునేవాడికి కాదు' అన్నారు. వేలు చూపించి మరీ అన్నారు."

"అన్నానా? ఏదో ఊపులో అని ఉంటాను."

"పని దొరికిందంటే పంపేస్తారని భయపడ్డాను. మిమ్మల్ని మోసం చేస్తున్నానని సిగ్గు కూడా వేసింది."

"ఏం పని?"

"ఏదోలెండి."

"ఎక్కడ?"

"ఇక్కడే, పెద్ద రోడ్డు మీద."

"పెద్ద రోడ్డు మీద ఎక్కడ?"

"కాపలా పని బాబాయ్."

"దేనికి కాపలా?"

"…పరుపులకి."

"అక్కా, ఇస్త్రీ పెట్టె."

"ఏమిటి?"

"ఇస్త్రీ పెట్టె తియ్యి, కాలుతోంది."

"కాలనీ. ఆ పరుపుల షోరూమేనా నాయనా నువ్వనేది? గాజు తలుపులది?"

"అదే అత్తా. నిన్నటిదాకా నాకు తెలీదు, ఒట్టు. బాబాయ్ డ్యూటీ అన్నారు గానీ ఎక్కడో చెప్పలేదు. ఆయనది ఖాకీ చొక్కా, నాకు నీలం చొక్కా ఇచ్చారు. ఎలా తెలుస్తుంది? ఏదో గిడ్డంగి అనుకున్నాను. నిన్న తెలిసింది."

"వెనక షట్టరు కుడిపక్క గొళ్ళెం కాస్త పైకెత్తి వెయ్యాలి. ఊరికే తోస్తే పడదు."

"తెలుసు బాబాయ్. పక్కన గోడ మీద ఎవరో సుద్దతో రాసిపెట్టారు."

"నేనే రాశాను."

"నిన్న అది కూడా అర్థమైంది. అందుకే వెళ్ళిపోతానంటున్నాను. మీ మంచం ఎక్కాను, మీ నోటికాడి ముద్ద కూడా నేనే లాక్కున్నాను. ఇవాళే వెళ్ళి మానేస్తానని చెప్పేస్తాను."

"నోరు మూసుకో. లాక్కున్నావేంటి? నా చేతిలోంచి అది ముందే జారింది. ఎవడో ఒకడు తినాలి, నువ్వు తింటే నాకు నయం. ఆ గొళ్ళెం సంగతి తెలిసినవాడివి."

"మీరు రోజూ సాయంత్రం ఆ టార్చి పట్టుకుని ఎక్కడికి వెళ్తున్నారో నాకు నిన్నటినుంచి తల్చుకుంటేనే…"

"ఇక్కడికే. మా అక్క దగ్గరికి. అక్క మూటలు బ్రహ్మాండంగా ఉంటాయి."

"ఒరేయ్, నువ్వు నవ్వకు. నువ్వూ నవ్వకు నాయనా. ఒక సంగతి చెప్పు. ఆ యజమాని అసలే అనుమానప్పక్షి. ఊరూ పేరూ లేని నిన్ను ఎలా పెట్టుకున్నాడు? పూచీ ఎవరిచ్చారు?"

"మేనేజరు కూడా అదే అడిగాడత్తా. 'ఈ ఊళ్ళో నీకు ఎవరు తెలుసు, ఎవరి మాట మీద నిన్ను నమ్మాలి' అని. నాకెవరు తెలుసు? ఫోను తీసి బాబాయ్ నా గురించి రాసింది చూపించాను."

"ఏం రాశావురా?"

"ఏదోలే. ఇంటికొచ్చినవాళ్ళ గురించి రెండు ముక్కలు రాయడం ఆ గుంపులో మామూలే."

"నువ్వు చదువు నాయనా."

"'ఈ అబ్బాయికి తాళం చెవి ఇచ్చి రాత్రంతా డ్యూటీకి వెళ్ళాను. ఒక్కసారి కూడా ఇల్లు గుర్తుకు రాలేదు. మీరూ నిశ్చింతగా మీ తాళం చెవి ఇవ్వచ్చు, ఇది నా మాట.'"

"అందులో సగం అబద్ధమే కదరా."

"అబద్ధం నా గురించి. అతని గురించి రాసింది నిజమే."

"నీ నిజం నిన్నే ముంచింది. నీ ఉద్యోగాన్ని నీ నోటితోనే ఇంకొకడికి ఇచ్చావు."

"ఇస్తే ఇచ్చాను. కానీ ఒరేయ్ అబ్బాయ్, అది ఇంకెప్పుడూ అక్కడ చూపించకు. మేనేజరు ఆ మాటల పక్కనున్నది నా ఫోటోనే అని గమనించలేదేమో, హడావిడి మనిషి. యజమాని గనక చూశాడా, నీ పని అయిపోతుంది. నా మాట మీద వచ్చావంటే నిన్నొక్క పూట ఉంచడు. ఆ షోరూంలో నా పేరు చెప్పుకున్నవాడికి కుక్కకున్న విలువ కూడా ఉండదు. తీసెయ్, అది ఫోనులోంచి తీసెయ్."

"చూశాడు బాబాయ్."

"ఎవరు?"

"యజమాని. నిన్న సాయంత్రం వచ్చి, కొత్తవాడికి పూచీ ఎవరని అడిగాడు. మేనేజరు నా ఫోను అడిగి తీసుకుని చూపించాడు."

"అయిపోయింది. అక్కా, అయిపోయింది. నా వల్ల వీడి కూడు కూడా పోయింది."

"ఆగరా. ఏమన్నాడయ్యా?"

"ఫోటో చూసి, 'ఈయనా' అన్నాడు. మిమ్మల్ని ఎందుకు తీసేశాడో అప్పుడే చెప్పాడు. మిమ్మల్ని పంపేశాక పాత కెమెరా రికార్డులన్నీ తీయించి చూశాడట. ఆ ఒక్కరే కాదట, బోలెడుమంది పడుకుని వెళ్ళారట ఆ పరుపుల మీద."

"ఒక్కడే అన్నావు కదరా."

"పట్టుబడింది ఒక్కడే అక్కా."

"చూసి ఇంకేమన్నాడు నాయనా? నానుస్తావేమిటి, చెప్పు. నిన్నూ తీసేశాడా?"

"బాబాయ్ రాసింది రెండుసార్లు చదివాడత్తా. ఫోను నా చేతికిచ్చి, అందరూ వింటుండగానే అన్నాడు, 'ఇన్నేళ్ళలో ఈయన నమ్మి తలుపు తీసినవాళ్ళలో ఒక్కడు కూడా నా షాపులోంచి దిండు గలీబు పట్టుకుపోలేదు. ఈయన మాట ఉన్నాక నీకు వేరే పూచీ ఎందుకు, వెళ్ళి కాపలా కాసుకో' అని."